గ్యాలరీ నుంచి కందకం దాకా: సెర్హీ ఫిలిమోనోవ్ జీవితం ఎందుకంత చిక్కుముడి

సెర్హీ ఫిలిమోనోవ్ గురించి చదవబోతే ఇద్దరు వేర్వేరు మనుషులు ఎదురవుతారు. ఒకరు 2021 వెనిస్ చిత్రోత్సవంలో ఆడిన 'రైనో' సినిమా కథానాయకుడు, కీవ్‌లో అవినీతి మీద వీధికెక్కిన కార్యకర్త, రష్యాతో ఇప్పటి యుద్ధంలో 'డావిన్సీ తోడేళ్ళు' అనే బెటాలియన్‌ను నడిపిన కమాండర్. ఇంకొకరు ఫుట్‌బాల్ గ్యాలరీల కొట్లాటల్లో పెరిగిన కుర్రాడు, అజోవ్ అనే స్వచ్ఛంద సైనిక దళం మనిషి, తీవ్ర జాతీయవాది. మొదటివాడి గురించి చదివినవాళ్ళు రెండోవాడి సంగతి ఎత్తరు, రెండోవాడి గురించి రాసేవాళ్ళు మొదటివాడిని కొట్టిపారేస్తారు. నిజానికి ఇద్దరూ ఒకరే. ఇందులో ఏది అసలు, ఏది నకిలీ అని వెతికితే దారి తప్పుతాం. ఒక దాంట్లోంచి ఇంకొకటి ఎలా పుట్టిందో చూస్తేనే గత పదిహేనేళ్ళ ఉక్రెయిన్ కాస్త అర్థమవుతుంది.

గ్యాలరీ నేర్పిన పని

ఫిలిమోనోవ్ 1994లో కీవ్‌లో పుట్టాడు. సోవియట్ యూనియన్ కూలి అప్పటికి మూడేళ్ళు. ఫ్యాక్టరీలు మూతపడి, జీతాలు నెలల తరబడి అందక, ఊళ్ళను రౌడీ ముఠాలు పంచుకున్న కాలం అది. తర్వాత అతను తెర మీద వేసిన వేషం ఆ కాలానిదే. కుర్రతనంలో డైనమో కీవ్ జట్టు 'అల్ట్రా'లలో కలిశాడు.

అల్ట్రా అంటే మన దగ్గరి అభిమాన సంఘం లాంటిదే అనుకుంటాం. కటౌట్లు, జెండాలు, పాటలు, బాణసంచా దాకా పోలిక సరిపోతుంది. ఆ తర్వాత సరిపోదు. తూర్పు యూరప్ అల్ట్రాలు ఊరి బయట అడవిలో, ముందే మాట్లాడుకుని, ఇటు ఎంతమందో అటూ అంతమందే, ఆయుధాలు లేకుండా తలపడతారు. పదిహేను ఇరవై మంది ఒకే వరసగా నిలబడతారు. మధ్యలో ఒకడు వెనక్కి తగ్గితే వరస తెగుతుంది, మిగతా అందరికీ దెబ్బలు పడతాయి. అందుకే ఎవడు నిలబడతాడో, ఎవడు పరిగెడతాడో ఆ గుంపులో ప్రతివాడికీ తెలుసు. ఒక్క మెసేజ్‌తో గంటలో ముప్ఫై మందిని ఒక చోటికి చేర్చడం, పోలీసులు ఏ సందులోంచి వస్తారో ముందే కనిపెట్టడం, ఒకడి మాట మీద అందరూ కదలడం అలవాటవుతాయి.

దీనితోపాటు ఇంకొకటి కూడా వచ్చింది. ఆ గ్యాలరీల్లో తీవ్ర జాతీయవాద గుర్తులు, జాత్యహంకార నినాదాలు మామూలుగా ఉండేవి. ధైర్యాన్నీ కలిసికట్టుతనాన్నీ మాత్రం ఏరుకుని, ఇవి మనవి కావు అని పక్కన పెట్టే వీలు చరిత్రకు లేదు. రెండూ ఒకే మూటలో వచ్చాయి.

2013 నవంబరులో కీవ్ నడిబొడ్డున ప్రభుత్వానికి వ్యతిరేకంగా మైదాన్ ఉద్యమం మొదలైంది. అప్పటి ప్రభుత్వం నిరసనకారుల మీదికి పోలీసులతోపాటు 'తితుష్కీ'లను కూడా వదిలింది. ట్రాక్ ప్యాంట్లు వేసుకుని, రోజుకూలీ తీసుకుని, జనాన్ని కొట్టే కిరాయి మనుషులకు అక్కడి జనం పెట్టుకున్న పేరు అది. విద్యార్థులకు, ఉద్యోగులకు వాళ్ళను ఎదుర్కోవడం చేతకాదు. అల్ట్రాలకు అది వచ్చిన పనే. ఒక్కో ఊళ్ళో ఒక్కో జట్టు అభిమానులు నిరసన శిబిరాలకు కాపలాగా నిలబడ్డారు. 2014 ఫిబ్రవరిలో తరతరాల పగలున్న జట్ల అల్ట్రాలు కూడా తమలో తాము కొట్టుకోమని సంధి ప్రకటించుకున్నారు. ఆ నెలలోనే సుమారు వంద మంది నిరసనకారులు ప్రాణాలు కోల్పోయారు, అధ్యక్షుడు యనుకోవిచ్ దేశం విడిచి పారిపోయాడు.

అజోవ్: ఎక్కడ తడబడతాం

వెంటనే క్రిమియా రష్యా చేతుల్లోకి పోయింది, తూర్పున యుద్ధం మొదలైంది. ఆ వసంతంలో 41,000 మంది పదాతి దళంలో పోరుకు సిద్ధంగా ఉన్నది 6,000 మందే అని తాత్కాలిక రక్షణ మంత్రి చెప్పాల్సి వచ్చింది. ఆ లోటులోంచే స్వచ్ఛంద దళాలు పుట్టాయి. 2014 మే నెలలో బెర్ద్యాన్స్క్‌లో ఏర్పడిన అజోవ్ వాటిలో ఒకటి. జూన్ 13న మరియుపోల్ నగరాన్ని రష్యా అనుకూల వేర్పాటువాదుల చేతుల్లోంచి తిరిగి తీసుకున్న దళాల్లో అదీ ఉంది. ఇరవై ఏళ్ళ ఫిలిమోనోవ్ అందులో పోరాడాడు.

స్వచ్ఛంద దళాలన్నీ ఒకే రకం అనుకోవడం పెద్ద పొరపాటు. అజోవ్ మొదటి రోజు నుంచే హోంశాఖ కింద ప్రత్యేక పోలీసు దళం. అదే ఏడాది నవంబరుకల్లా నేషనల్ గార్డ్‌లో చేరింది. జీతం, ఆయుధం, వైద్యం, 'పోరాటంలో పాల్గొన్న వ్యక్తి' అనే సర్టిఫికెట్ అన్నీ దొరికాయి. 'రైట్ సెక్టర్' అనే జాతీయవాద సంస్థ స్వచ్ఛంద దళం అలా చేరలేదు. దాంట్లోవాళ్ళు అదే కందకాల్లో, అదే సైన్యం పక్కన పోరాడినా కాగితం మీద ఎవరూ కాదు. కాలు పోతే పింఛను లేదు, చనిపోతే కుటుంబానికి పరిహారం కోసం కోర్టుల చుట్టూ తిరగాలి. అలాంటి స్వచ్ఛంద సైనికులకు కూడా ఆ హోదా ఇచ్చే చట్టం 2019 డిసెంబరులో గానీ రాలేదు. ఫిలిమోనోవ్ తర్వాత కమాండర్ అయిన 'డావిన్సీ తోడేళ్ళు' ఈ రెండో రకం దళంలోంచి పుట్టింది. అంటే అతని సైనిక జీవితం ఒక పాయలో మొదలై ఇంకో పాయలో సాగింది. విదేశీ పత్రికల్లో చాలాసార్లు రెంటినీ కలిపేసి 'అజోవ్' అని ఒకే ముద్ర వేస్తారు. అది తప్పు.

అజోవ్ స్థాపకుల్లో తీవ్ర జాతీయవాదులు ఉన్నమాట నిజం. ఆ కారణంగానే 2018లో అమెరికా కాంగ్రెస్ దానికి సాయం నిషేధించింది. పదేళ్ళలో ఆ దళం మనుషులు, అధికారులు చాలావరకు మారిపోయాక, 2024 జూన్‌లో అమెరికా విదేశాంగ శాఖ ఆ అడ్డు తొలగించింది. మధ్యలో 2022 ఆగస్టులో రష్యా సుప్రీంకోర్టు దాన్ని ఉగ్రవాద సంస్థగా ప్రకటించింది. ఆ ముద్ర పడ్డ యుద్ధఖైదీలకు జెనీవా ఒప్పందాల రక్షణ బదులు జైలు శిక్షలు పడుతున్నాయి. 'అజోవ్' అన్న మాట వాడేటప్పుడు ఏ సంవత్సరం సంగతో చెప్పకపోతే ఆ మాటకు అర్థమే లేదు.

యుద్ధం నుంచి వచ్చినవాళ్ళలో కొందరు 2016లో 'నేషనల్ కోర్' పార్టీ పెట్టారు. ఫిలిమోనోవ్ దాని కీవ్ శాఖను నడిపాడు. వీధుల్లో ఆ పార్టీ సందడి చూసి ఉక్రెయిన్ అంతా అటే పోతోందని రాసినవాళ్ళున్నారు. 2019 పార్లమెంటు ఎన్నికల్లో జాతీయవాద పార్టీలన్నీ ఒకే జాబితాగా పోటీచేస్తే వచ్చింది 2.15 శాతం ఓట్లు. లోపలికి అడుగు పెట్టాలంటే 5 శాతం కావాలి. వీధిలో బలానికీ పెట్టెలో ఓటుకూ ఎంత దూరమో ఆ అంకె చెబుతుంది. ఫిలిమోనోవ్ ఆ పార్టీని వదిలి స్నేహితులతో 'హోనోర్' అనే సొంత బృందం పెట్టుకున్నాడు. 2019 డిసెంబరులో వీళ్ళు హాంకాంగ్ నిరసనల్లో కనిపించారు. వాళ్ళ గతం, ఒంటి మీది పచ్చబొట్లు చూసి పత్రికల్లో దుమారం లేచింది. అది అన్యాయమైన దుమారం అని నేను అనను. ఆ గుర్తులు వేసుకున్నవాడే వాటికి జవాబు చెప్పాలి.

ఒక లీటరు యాసిడ్

ఇంత గతం ఉన్నవాడు ప్రజాస్వామ్యవాదులతో కలిసి ఎలా నిలబడ్డాడు? దక్షిణ ఉక్రెయిన్‌లోని ఖెర్సోన్‌లో జరిగిన ఒక హత్య దగ్గరికి వెళ్తే తప్ప ఇది అంతుపట్టదు.

కతెరీనా హంద్‌జ్యూక్ ఖెర్సోన్ మేయర్‌కు సలహాదారు, స్థానిక అవినీతి మీద గొంతెత్తిన 33 ఏళ్ళ మహిళ. 2018 జూలై 31 ఉదయం ఇంటి ముందే ఒకడు ఆమె మీద సుమారు లీటరు సల్ఫ్యూరిక్ యాసిడ్ పోశాడు. ఒంట్లో ముప్ఫై శాతానికి పైగా కాలిపోయింది. పదికి పైగా ఆపరేషన్ల తర్వాత నవంబరు 4న ఆమె చనిపోయింది. పోలీసులు మొదట పెట్టిన కేసు ఏమిటో చూడండి: గూండాగిరీ. గోల జరిగాక దాన్ని తీవ్ర గాయానికి, ఇంకా గోల జరిగాక హత్యాయత్నానికి మార్చారు. మొదట పట్టుకున్నవాడికి దాడితో సంబంధమే లేదని తేలింది, అదీ విలేకరులు తవ్వితే.

'కాత్యా హంద్‌జ్యూక్‌ను చంపించింది ఎవరు?' అన్న ప్రశ్నతో ఒక ఉద్యమం పుట్టింది. ఉదారవాదులు, విలేకరులు, స్త్రీవాదులు, మాజీ సైనికులు పక్కపక్కన నిలబడ్డారు. ఫిలిమోనోవ్, అతని మిత్రులు ఆ నిరసనల్లో ముందున్నారు. దాడిలో పాల్గొన్న ఐదుగురిలో కూడా తూర్పు యుద్ధం నుంచి వచ్చినవాళ్ళున్నారు. ఒకే యుద్ధం చేసి వచ్చినవాళ్ళలో కొందరు స్థానిక పెద్దల దగ్గర డబ్బుకు పనిచేశారు, కొందరు ఆ పెద్దలను కోర్టుకీడ్చడానికి రోడ్డెక్కారు. మాజీ సైనికులంటే ఒకే బాపతు అనుకునేవాళ్ళకు ఇదొక్కటి చాలు. ఆ ఐదుగురికి 2019లో మూడేళ్ళ నుంచి ఆరున్నరేళ్ళ దాకా శిక్షలు పడ్డాయి. చేయించినవాళ్ళ దగ్గరికి చేరడానికి ఇంకో నాలుగేళ్ళు పట్టింది. ఖెర్సోన్ ప్రాంతీయ మండలి మాజీ అధ్యక్షుడు వ్లాదిస్లావ్ మాంహెర్‌కు, మధ్యవర్తి ఒలెక్సీ లెవిన్‌కు 2023 జూన్‌లో చెరో పదేళ్ళు వేశారు. అప్పటికి పూర్తి స్థాయి యుద్ధం మొదలై ఏడాది దాటింది. బాంబులు పడుతున్నా ఆ విచారణ ఆగలేదు.

ఈ ఉద్యమాల చుట్టూ ఒక తరం తయారైంది. కీవ్‌లో ప్రొతాసివ్ యార్ అనే పచ్చని లోయను బిల్డర్ల నుంచి కాపాడిన రొమాన్ రతుష్నీ ఆ తరంవాడే. మైదాన్‌లో పోలీసు దెబ్బలు తిన్నప్పుడు అతనికి పదహారేళ్ళు. ఒదేసా కార్యకర్త సెర్హీ స్టెర్నెంకోకు 2021 ఫిబ్రవరిలో ఏడేళ్ళ మూడు నెలల శిక్ష పడినప్పుడు అది కక్షసాధింపు అని వేలమంది నమ్మారు. మార్చి 20న బాన్కోవా వీధిలోని అధ్యక్ష కార్యాలయం తలుపులు రంగులతో, నినాదాలతో నిండిపోయాయి, అద్దాలు పగిలాయి. ఆ కేసులో రతుష్నీని గృహనిర్బంధంలో పెట్టారు. మే నెలాఖరున స్టెర్నెంకో శిక్షలో ప్రధానమైన భాగాన్ని పైకోర్టు కొట్టేసింది. బాన్కోవా వీధి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే మరియిన్స్కీ భవనం ఉంది. ఆ ఆగస్టులో 'నాటు నాటు' పాట తీసింది దాని ముందే. మనం చూసిన నీలి రంగు భవనానికీ ఆ నిరసనకూ మధ్య ఐదు నెలలే తేడా.

ఖడ్గమృగం

'రైనో' తీసిన ఒలెహ్ సెంత్సోవ్ కథ తెలియకపోతే ఫిలిమోనోవ్‌నే ఎందుకు తీసుకున్నాడో తెలియదు. సెంత్సోవ్ క్రిమియావాడు. ఈ సినిమాకు సిద్ధమవుతుండగా మైదాన్ వచ్చింది, పని వదిలి కార్లతో నిరసన చేసే ఆటోమైదాన్‌లో చేరాడు. 2014 మేలో రష్యా అతన్ని క్రిమియాలో అరెస్టు చేసి, ఉగ్రవాద నేరం మోపి, 2015 ఆగస్టులో ఇరవై ఏళ్ళ శిక్ష వేసింది. ఆర్కిటిక్ వలయం దగ్గరి లబీత్‌నాంగీ జైల్లో, ఉక్రెయిన్ రాజకీయ ఖైదీలందరినీ వదలాలని 2018లో 145 రోజులు నిరాహార దీక్ష చేశాడు. 2019 సెప్టెంబరు 7న ఖైదీల మార్పిడిలో బయటికొచ్చి, ఆరేళ్ళ కింద ఆగిపోయిన సినిమానే మళ్ళీ చేతికెత్తుకున్నాడు.

కథ 90ల నాటి ఒక ముఠా మనిషిది. కారులో కూర్చుని ఒక అపరిచితుడికి తన జీవితమంతా చెప్పుకుంటాడు. మొదట్లో ఒక పొడవైన షాట్ ఉంది. అదే ఇల్లు, అదే వాకిలి, కెమెరా తిరుగుతూనే ఉంటుంది, పిల్లవాడు పెద్దవాడవుతాడు, అన్నలు దూరమవుతారు, సంవత్సరాలు గడిచిపోతాయి. ఇలాంటి షాట్‌లో తలుపు వెనక వేర్వేరు వయసుల నటులు వరసగా కాచుకుని ఉండాలి, కెమెరా అటు తిరిగిన కొన్ని క్షణాల్లో ఇటు బట్టలూ సామాన్లూ మారిపోవాలి. ఒక్కరు ఒక్క అడుగు ఆలస్యమైతే మొదటి నుంచి తీయాలి.

ముఖ్య పాత్రకు శిక్షణ పొందిన నటుడు వద్దనుకున్నాడు సెంత్సోవ్. దెబ్బ కొట్టేవాడి భుజం, దెబ్బ తినబోయేవాడి మెడ ఎలా ఉంటాయో నటులు చూసి నేర్చుకుంటారు. నిజంగా అక్కడ నిలబడినవాడు దెబ్బకు ముందు ఆవేశపడడు, నిశ్శబ్దమవుతాడు. ఫిలిమోనోవ్‌లో తెర మీద కనిపించేది ఆ నిశ్శబ్దమే. నటన తెలియనివాళ్ళతో వచ్చే కష్టం వేరే చోట ఉంటుంది. మొదటి టేక్‌లో సహజంగా వచ్చింది ఐదో టేక్‌కి రాదు, డైలాగు ఎక్కువైతే పాఠం అప్పజెప్పినట్టవుతుంది. ఈ సినిమాలో కథానాయకుడి మొహం మీద కెమెరా ఎక్కువసేపు ఆగుతుంది, మాటలు తక్కువ. ఆ పాత్రకు అది బాగా కుదిరింది. స్టాక్‌హోమ్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి అతనికే వచ్చింది.

తీవ్ర జాతీయవాద గతం ఉన్నవాడిని హీరోను చేయడమేమిటని అడిగినవాళ్ళున్నారు. ఆ ప్రశ్నకు చోటుంది. కానీ సినిమా చూస్తే అందులో రౌడీయిజానికి హారతి పట్టడం కనిపించదు. అతను కట్టుకున్నదంతా, అతన్ని ప్రేమించినవాళ్ళంతా ఒకటొకటిగా నాశనమవుతారు. మన తెరల మీద కత్తి పట్టినవాడికి వచ్చే నేపథ్య సంగీతానికి అలవాటుపడ్డ కళ్ళకు ఇది ఇబ్బందిగానే ఉంటుంది.

'రైనో' ఉక్రెయిన్ థియేటర్లలోకి 2022 ఫిబ్రవరిలో వచ్చింది. కొద్ది రోజులకే, 24న, రష్యా దండయాత్ర మొదలైంది. దర్శకుడు ప్రాదేశిక రక్షణ దళంలో చేరాడు, హీరో తన మనుషులతో మళ్ళీ ఆయుధం పట్టాడు.

బెటాలియన్ నడపడమంటే

'హోనోర్' బృందం ఒక సైనిక దళంగా మారి ద్మిత్రో కోత్సుబైలో బెటాలియన్‌లో చేరింది. 'డావిన్సీ' ఇతని మారుపేరు. 1995లో పుట్టినవాడు. 2021 డిసెంబరులో 'ఉక్రెయిన్ వీరుడు' బిరుదు అందుకున్నాడు, స్వచ్ఛంద సైనికుల్లో బతికుండగా దాన్ని అందుకున్న మొదటివాడు. 2023 మార్చి 7న బఖ్‌మూత్ దగ్గర చనిపోయాడు. అప్పటికే, 2022 జూన్ 9న, ఇజ్యూమ్ వైపు నిఘాకు వెళ్ళిన రతుష్నీ కూడా, పాతికేళ్ళు నిండకుండానే, ప్రాణాలు కోల్పోయాడు. తర్వాత ఫిలిమోనోవ్ 'డావిన్సీ తోడేళ్ళు' బెటాలియన్ పగ్గాలు పట్టాడు. 2024లో అది 59వ బ్రిగేడ్‌లో భాగంగా పొక్రొవ్స్క్ వైపు పోరాడింది.

కార్యకర్తగా నేర్చినది ఇక్కడ పనికొచ్చే తీరు చూడాలి. బెటాలియన్ అంటే కొన్ని వందల మంది. ప్రభుత్వం తుపాకీ, గుండ్లు, జీతం ఇస్తుంది. కందకం దాకా మనుషులను చేర్చే సెకండ్ హ్యాండ్ పికప్ ట్రక్కులు, వాటి టైర్లు, డ్రోన్ సిగ్నళ్ళను అడ్డుకునే జామర్లు, జనరేటర్లలో పెద్ద భాగం చందాల మీద వస్తాయి. మోనోబ్యాంక్ అనే ఉక్రెయిన్ బ్యాంకు యాప్‌లో 'బాంకా' అని ఒకటి ఉంటుంది, ఆ మాటకు సీసా అని అర్థం. ఫలానా దళానికి ఇన్ని డ్రోన్లు అని లక్ష్యం పెట్టి లింకు పంచితే, జనం వందా యాభై హ్రివ్నియాలు (అక్కడి డబ్బు) వేస్తూ దాన్ని నింపుతారు. కొన్నదాని ఫొటో, లెక్క చూపించకపోతే తర్వాతి సీసా నిండదు. జనం నమ్మకాన్ని సంపాదించి నిలబెట్టుకోవడం ఏ సైనిక అకాడమీ నేర్పదు, వీధి నేర్పింది. బాన్కోవాలో ఎవరి కోసం అద్దాలు పగిలాయో ఆ స్టెర్నెంకో ఇప్పుడు ఆత్మాహుతి డ్రోన్లకు చందాలు పోగేసేవాళ్ళలో అందరికంటే ముందున్నవాళ్ళలో ఒకడు.

ఈ ఎఫ్‌పీవీ డ్రోన్, అంటే నడిపేవాడు దాని కెమెరా కంటితోనే చూస్తూ లక్ష్యం మీదికి తోలేది, ఒకటి సుమారు 400 నుంచి 500 డాలర్లు. ఏడు నుంచి పది అంగుళాల రెక్కలు, ఒకటిన్నర నుంచి మూడు కిలోల బాంబు, పది ఇరవై కిలోమీటర్ల దూరం. రేడియోతో నడిచేదాన్ని జామర్ ఆపగలదు. వెనక సన్నని ఫైబర్ తీగ వదులుకుంటూ వచ్చేదాన్ని ఏ జామరూ ఆపలేదు. దీనివల్ల మొదటి వరస వెనక పది పదిహేను కిలోమీటర్ల దాకా పగలు బండి కదిలితే దాడి ఖాయం.

దీని దెబ్బ ఎక్కువగా గాయపడ్డవాళ్ళ మీద పడింది. కాలికి తగిలిన గాయం నుంచి రక్తం చిమ్ముతుంటే, సైనికుడు టోర్నికే పట్టీని తొడ పైభాగాన వేసి, కర్ర తిప్పి, రక్తం ఆగేదాకా బిగించి, వేసిన సమయం దాని మీద రాయాలి. ఈ పద్ధతి తయారైన యుద్ధాల్లో హెలికాప్టర్ గంటలో వచ్చేది. ఇక్కడ చీకటి పడేదాకా, లేదా పొగమంచో వానో వచ్చేదాకా ఎవరూ రాలేరు. రెండు గంటలు దాటితే పట్టీ కింద కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. కాబట్టి ఆ లోపే గాయంలో మందు గుడ్డను వేలితో లోతుగా కుక్కి, కనీసం మూడు నిమిషాలు అదిమిపట్టి, పైన గట్టి కట్టు కట్టి, అప్పుడు పట్టీని మెల్లగా వదులు చేసి చూడాలి. మళ్ళీ రక్తం వస్తే తిరిగి బిగించాలి. ఆరు గంటలు దాటాక ఆసుపత్రి బయట విప్పకూడదు. చచ్చిన కండరంలోని విషపదార్థాలు ఒక్కసారిగా రక్తంలో కలిసి గుండె ఆగిపోవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అవసరం లేని గాయానికి పట్టీ వేయడం, వేసినదాన్ని తిరిగి చూడకపోవడం అనే రెండు తప్పుల వల్ల కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్నవాళ్ళు ఈ యుద్ధంలో చాలామంది. 'తోడేళ్ళు' బెటాలియన్‌కు 'ఉల్ఫ్' అని సొంత వైద్య విభాగం ఉంది. దాన్ని నడిపే అలీనా మిఖైలోవా కీవ్ నగర మండలి సభ్యురాలు, డావిన్సీ జీవిత భాగస్వామి. ఆమె కూడా డాక్టరుగా మొదలైన మనిషి కాదు, ఉద్యమాల నుంచే వచ్చింది.

ఇలాంటి దళాల్లో చేరేవాళ్ళకు ఒక సౌలభ్యం ఉంది. రోడ్డు మీద ఆపి సైన్యానికి పంపితే ఏ బ్రిగేడ్‌లో పడతారో తెలియదు. పేరున్న బెటాలియన్‌కు నేరుగా దరఖాస్తు పెట్టుకుంటే డ్రోన్ నడపడమా, వైద్యమా, డ్రైవింగా, పదాతి దళమా అన్నది ముందే మాట్లాడుకోవచ్చు. కమాండర్ మొహం తెలిసి ఉండటం ఇక్కడ లెక్కలోకి వస్తుంది, దానికి సినిమా కొంత సాయపడింది. అయినా డ్రోన్ విభాగానికి వచ్చినన్ని దరఖాస్తులు పదాతి దళానికి రావు. కందకంలో కూర్చోవాల్సిన మనుషుల కొరత ఏ పేరుతోనూ తీరలేదు.

ఆ కొరత వల్లే ఇంకొకటి జరిగింది. 36 నెలలు పోరాడినవాళ్ళను ఇంటికి పంపాలన్న నిబంధన, సైన్యంలోకి జనాన్ని తీసుకునే సమీకరణ చట్టం ముసాయిదాలో ఉండేది. 2024 ఏప్రిల్‌లో పార్లమెంటు చట్టాన్ని ఆమోదించే ముందు, సైనిక నాయకత్వం కోరికపై దాన్ని తీసేశారు. కాబట్టి ఆ చట్టం ప్రకారం 2022 ఫిబ్రవరిలో చేరిన కార్యకర్తకు, నటుడికి, టీచరుకు, వడ్రంగికి సేవ ముగిసే తేదీ అంటూ వాళ్ళ కాగితాల మీద లేదు.